ఇంటి చక్కెర తెల్లగా ఉండదు

కూరగాయలు, గుడ్లు, పాలు, తేనె ఇంట్లోనే పండించుకునే వాళ్లు కూడా చక్కెర దగ్గరికొచ్చేసరికి కొట్టుకే వెళ్తారు. మేమూ అంతే. పండ్లు నిల్వ చేసే రోజుల్లో సంచి కొనక తప్పేది కాదు, మా తేనె దానికి చాలేది కాదు. అందుకే చక్కెర తీసే దుంప, షుగర్ బీట్ వేశాం.

చెరకు ఎందుకు కాదంటే, అది ఏడాదిపాటు నేలను వదలదు, నరికిన వెంటనే ఆడాలి, పైగా గానుగ కావాలి. బీట్‌కి కత్తి, పెద్ద గిన్నె, పొయ్యి ఉంటే చాలు. పంట అయిదారు నెలల్లో చేతికొస్తుంది. కూరకి వాడే ఎర్ర బీట్‌రూట్, ఇదీ ఒకే జాతి. ఇది తెల్లగా, ముల్లంగిని లావు చేసినట్టు ఉంటుంది.

ఈ దుంపలో చెరకు చక్కెరే ఉందని 1747లో బెర్లిన్‌లో మార్గ్రాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆల్కహాల్‌తో తీసి చూపించాడు. ఆయన శిష్యుడు అఖార్డ్ 1801లో, ఇప్పుడు ఎక్కువ భాగం పోలండ్‌లో ఉన్న సైలీషియాలో మొదటి ఫ్యాక్టరీ పెట్టాడు. సముద్రం మీద చెరకు చక్కెర రాక ఆగిపోయినప్పుడు, 1811లో నెపోలియన్ 32,000 హెక్టార్లలో బీట్ వేయమని ఆజ్ఞ ఇచ్చాడు. అప్పటి దుంపల్లో చక్కెర అయిదారు శాతమే. ఇప్పుడు 16 నుంచి 20 దాకా ఉంటుంది, అదంతా తరతరాలుగా విత్తనాన్ని ఏరుకుంటూ వచ్చిన ఫలితం. కాబట్టి విత్తనం కొనేటప్పుడు పశువుల మేతకి వేసే బీట్ కాకుండా చక్కెర రకమే అడిగి తెచ్చుకోండి. మేత బీట్ దుంప పెద్దదే కానీ అందులో నీళ్లెక్కువ.

పెంచడం పెద్ద కష్టమేం కాదు. మొక్కకీ మొక్కకీ జానెడు ఎడం ఉంచి మిగతావి పీకేయాలి. ఎరువు దగ్గర మాత్రం చెయ్యి బిగబట్టుకోవాలి. నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరిగి చక్కెర శాతం పడిపోతుంది. తవ్విన దుంపల్ని రోజుల తరబడి వదిలేయకూడదు. అవి ఊపిరి తీస్తూనే ఉంటాయి, అందుకు ఖర్చయ్యేది మన చక్కెరే.

ఇక పని. ఆకులు మొలిచే తల భాగాన్ని కాస్త లోతుగానే కోసి పారేస్తాను, లవణాలు అక్కడే ఎక్కువ. మిగిలిన దుంపని అగ్గిపుల్లంత సన్నగా తరిగి 70 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచుతాను. ఆ వేడికి కణాల పొరలు దెబ్బతిని చక్కెర నీళ్లలోకి దిగుతుంది. ఇంకా త్వరగా అవ్వాలని మరిగిస్తే దుంపలోని జిగురు పదార్థం పెక్టిన్ కూడా కరిగి రసం జిగురుగా మారి గుడ్డలోంచి దిగదు. థర్మామీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. రసం బూడిద రంగులోకి తిరిగి మట్టివాసన కొడుతుంది. కంగారు పడకండి, దాని తీరే అంత.

వడకట్టి, పైకి తేలే మడ్డిని తీస్తూ కాయాలి. అసలు ఖర్చు ఇక్కడే. లీటరు నీటిని చల్లదనం నుంచి మరుగు దాకా తెచ్చే వేడికి అయిదారు రెట్లు పెడితేగానీ ఆ లీటరు ఆవిరైపోదు. 10 కిలోల దుంపలకి ఆవిరి చేయాల్సిన నీరు 10 లీటర్ల పైమాటే. గ్యాస్ మీద చేస్తే కొన్న చక్కెరే చవక! మాకు కొట్టేసిన కొమ్మల పుల్లలు ఉంటాయి కాబట్టి ఆరుబయట పొయ్యి మీద కాస్తాం. ఇంట్లో చేస్తే గోడలన్నీ జిడ్డు. చివర్లో మంట తగ్గించి, దగ్గరే నిలబడాలి, పాకం అడుగంటడానికి రెండు నిమిషాలు చాలు.

తీగపాకం వచ్చాక దించేస్తాను. ముదురు గోధుమ రంగు, కాస్త ఉప్పుతనం కలిసిన తీపి. 10 కిలోల దుంపలో లెక్క ప్రకారం కిలోన్నర పైనే చక్కెర ఉండాలి, ఇంటి పద్ధతిలో అంతా చేతికి రాదు. చల్లారేటప్పుడు చిటికెడు చక్కెర వేసి కదపకుండా వదిలేస్తే కొంత గింజ కడుతుంది. కానీ రసంలోని పొటాషియం, సోడియం, అమైనో ఆమ్లాలు మిగతా చక్కెరని గింజ కట్టనివ్వవు. ఫ్యాక్టరీలో సున్నం వేసి, కార్బన్ డయాక్సైడ్ ఊది రసంలోని మలినాల్లో కొన్నిటిని అడుక్కి దింపుతారు. అయినా అక్కడా చివర్లో గింజ కట్టని నల్లటి పాకం, మొలాసిస్, మిగులుతుంది. ఆ తెల్లదనం కోసం ఇంట్లో కుస్తీ పట్టడం నాకు దండగనిపిస్తుంది. బ్రెడ్‌కీ కాఫీకీ ఆ పాకమే వాడుతున్నాం. మా ఆయన మాత్రం కాఫీలో ఇంకా కొన్న పంచదారే వేసుకుంటారు. వేసుకోనీ.

పిప్పి మేకలకి వేస్తే గిన్నె నాకేస్తాయి.

మిగిలింది విత్తనం. బీట్ రెండో ఏడు గానీ పూత పూయదు, దాని పుప్పొడి గాలికి చాలా దూరం పోతుంది, బీట్‌రూట్‌తో, ఆకుకూరగా పెంచే చార్డ్‌తో ఇట్టే కలిసిపోతుంది. పైగా ఇప్పుడు అమ్మేవి చాలావరకు హైబ్రిడ్లు, వాటి విత్తనం దాచినా అదే దుంప రాదు. హైబ్రిడ్ కాని రకం ఒకటి దొరికింది. ఈసారి మంచి దుంపలు కొన్ని ఇసుకలో దాచి, వచ్చే ఏడు నాటుతాను. ఆ ఏడాది ఎర్ర బీట్‌రూట్‌ని పూతకి రానివ్వను.