మా ట్యాంకులో గప్పీ చేప పిల్లల్ని పెట్టింది!

మా రాయగడలో చలి మొదలైందంటే ట్యాంకు నీళ్ళు రాత్రికి ఐసే, అందుకే హీటర్ 26 డిగ్రీలకి పెట్టేశాను. ఆడ గప్పీ పొట్ట పెట్టెలా పలకలు తేలింది, వెనకాల నల్లమచ్చ ముదిరింది, దగ్గరగా చూస్తే లోపల పిల్లల కళ్ళు చుక్కల్లా కనిపించాయి. నిన్న తెల్లారేసరికి నాచులో 19 పిల్లలు! గుడ్లు కాదు, నేరుగా పిల్లలే, ఈనిన గంటలోనే ఈదేస్తాయి, కానీ తల్లే తినేస్తుంది కాబట్టి నాచు గుబురుగా వెయ్యండి, బ్రీడింగ్ బాక్సులో (ఈనే చేపని విడిగా ఉంచే చిన్న డబ్బా) పెడితే తల్లి బెదిరిపోతుంది, నాకది అస్సలు నచ్చదు. ఉడికించిన గుడ్డు పచ్చసొన ఆవగింజంత నలిపి, నీళ్ళలో కలిపి రోజుకి మూడుసార్లు వేస్తున్నా, మిగిలింది తీసెయ్యకపోతే నీళ్ళు కంపు కొడతాయి. అన్నట్టు, మగచేపని వేరు చేసినా నెలకి మళ్ళీ ఈనుతుంది, ఒక్కసారి కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి దాచుకుంటుంది. పక్కింటి ఒడియా పిన్ని నాలుగు పిల్లలు అడిగింది, కాస్త రంగు రానీ పిన్నీ అన్నాను.