కణాన్ని పది లక్షల రెట్లు పెంచి గీస్తే

బడి పుస్తకంలో కణం బొమ్మ తీస్తే ఒక పెద్ద ఖాళీ గది కనిపిస్తుంది. మధ్యలో కేంద్రకం, అక్కడక్కడా నాలుగు గింజలు చల్లినట్టు, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు. కణం అలా ఉండదు. సంక్రాంతి ముందురోజు బస్టాండులా కిక్కిరిసి ఉంటుంది. ఆ ఇరుకును కొలత తప్పకుండా నీటిరంగుల్లోకి తెచ్చిన శాస్త్రవేత్త డేవిడ్ గుడ్‌సెల్. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో నిర్మాణ జీవశాస్త్రం ఆయన వృత్తి. ఈ. కోలై బాక్టీరియా లోపలి బొమ్మలను 1991లోనే ప్రచురించారు. 2020 ఫిబ్రవరికల్లా కొత్త కరోనా వైరస్‌నీ గీశారు. ప్రొటీన్ల వంటి అణువుల నిర్మాణాలను భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంకు కోసం 2000 జనవరి నుంచి నెలకో అణువును బొమ్మతో సహా పరిచయం చేస్తూ వచ్చారు.

ఆ బొమ్మల అందమంతా కొలతలోనే ఉందని నా నమ్మకం. చాలా చిత్రాలకు ఆయన పెట్టుకున్న లెక్క పది లక్షల రెట్లు. అంటే ఒక నానోమీటరు (మిల్లీమీటరులో పది లక్షలవ వంతు) కాగితం మీద ఒక మిల్లీమీటరు. ఇక స్కేలు చేతిలో ఉంటే చాలు. కణం చుట్టూ ఉండే పొర, అంటే కణత్వచం, మందం 4 మి.మీ., డీఎన్ఏ పోగు వెడల్పు 2 మి.మీ., బాక్టీరియా రైబోజోము అడ్డంగా 2 సెం.మీ. కరోనా వైరస్ దాదాపు 10 సెం.మీ. బంతి, దాని ముళ్లు ఒక్కోటీ 2 సెం.మీ. నీటి అణువు మాత్రం పెన్సిల్ మొన పెట్టి తీసినంత, 0.3 మి.మీ. కన్నా తక్కువ. దాన్ని గీయరు. ఈ లెక్కన ఈ. కోలై మొత్తం వేయాలంటే 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు కాగితం కావాలి. అందులో చుట్ట చుట్టుకున్న డీఎన్ఏని విప్పితే కిలోమీటరున్నర దాటుతుంది! అందుకే కణంలోంచి ఒక చిన్న ముక్క కోసి చూపించడమే దారి.

ఇలాంటి బొమ్మ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 10 సెం.మీ. చదరం చాలు. 10 నానోమీటర్ల మందమున్న పలక అనుకోండి. ఈ. కోలైలో ఒక ఘన మైక్రోమీటరుకు (మైక్రోమీటరంటే వెయ్యి నానోమీటర్లు) సుమారు 30 లక్షల ప్రొటీన్లుంటాయి. ఆ లెక్కన మన పలకలోకి 300 వస్తాయి. అయితే 300 చుక్కలు పెట్టేస్తే బొమ్మ చెడిపోతుంది. బాగా పెరుగుతున్న కణంలో ఘన మైక్రోమీటరుకు 20 వేల రైబోజోములు ఉంటాయనుకుంటే, ఒక్కో రైబోజోములోనే యాభైకి పైగా ప్రొటీన్లు ఉంటాయి కాబట్టి మూడోవంతు అక్కడికే పోతుంది. మిగిలినవాటిలో చాలావరకు రెండు, నాలుగు కలిసి ఒకే ముద్దగా ఉంటాయి. చివరికి విడి ఆకారాలు నూటికి అటూ ఇటూ, రైబోజోములు అంచులు తగిలేవాటితో కలిపి ఆరు, ప్రొటీన్ తయారీకి ముడిసరుకు మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏలు ఇరవై. వాటి మధ్య మిగిలే సందులు వేలు పట్టనంత సన్నవి.

ఆకారాలు ఊహించి గీయాల్సిన పనిలేదు. ప్రొటీన్ డేటా బ్యాంకులో నిర్మాణాలన్నీ ఉచితం. అక్కడి మోల్‌స్టార్ వ్యూయర్‌లో (అణువులను తెరమీద చూపే సాధనం) అణువు తెరిచి, పరమాణువులు గోళాలుగా కనిపించే తీరు ఎంచుకుని, బయటి గీత మాత్రమే తీసుకోవాలి. కొలతలు ఆంగ్‌స్ట్రామ్‌లలో (నానోమీటరులో పదోవంతు) ఉంటాయి, 10 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఒక మిల్లీమీటరు. ఇక్కడ పదితో భాగించడం మరిస్తే రైబోజోము కాగితం దాటిపోతుంది.

అమర్చేటప్పుడు ముందు ముగ్గుకు పెట్టినట్టు సెంటీమీటరు దూరంలో చుక్కలు పెట్టుకోండి. తర్వాత ఆ వరసను కావాలనే చెదరగొట్టండి. వరస అలాగే ఉంచితే డబ్బాలో సర్దిన లడ్డూల్లా కనిపిస్తుంది. ముందు రైబోజోములు, తర్వాత మధ్యరకం ఎంజైములు (రసాయన చర్యలు నడిపే ప్రొటీన్లు), చివర సందుల్లో చిన్నవి. ఈ వరస తిరగేస్తే పెద్దవాటికి చోటు దొరకదు.

ఈ చిత్తు వేరే కాగితం మీదే వేయాలి. నీటిరంగు కాగితం మీద రబ్బరుతో చెరిపితే పైపూత లేచిపోతుంది, ఆ చోట రంగు మచ్చకడుతుంది, ఇంకు పీచులుగా పాకుతుంది. చిత్తు పూర్తయ్యాక కిటికీ అద్దానికి ఆనించి మంచి కాగితం మీదికి ఎక్కించుకోండి. కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు), నున్నటి రకం తీసుకోండి. గరుకు కాగితం మీద ఎల్ ఆకారపు టీఆర్‌ఎన్‌ఏ గీత వంకర్లు పోతుంది. నాలుగువైపులా టేపు వేయకపోతే తడికి ఉబ్బుతుంది.

రంగుల విషయంలో గుడ్‌సెల్ పద్ధతి తెలివైనది. ఈ. కోలై బొమ్మలో గోడ, త్వచాలు ఆకుపచ్చ. ఎంజైములు నీలం, రైబోజోములు ఊదా. డీఎన్ఏ పసుపు, అది చుట్టుకున్న ప్రొటీన్ నారింజ. ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రొటీన్ తయారీకి డీఎన్ఏ నుంచి వచ్చే సూచనల నకలు, తెల్లటి దారం. ఇవి అణువుల అసలు రంగులు కావు, ఏ పేటలో ఏ పని జరుగుతోందో కన్ను ఒక్కసారిగా పట్టుకోవడానికి వేసినవి. నీడలు, మెరుపులు ఉండవు. కనిపించే వెలుతురు తరంగమే 400 నుంచి 700 నానోమీటర్లు. 20 నానోమీటర్ల రైబోజోము మీద మెరుపు పడటమన్న మాటకే అర్థం లేదు.

పక్కపక్క ఆకారాలను ఒకేసారి తడపకండి, ఒకదాని రంగు మరోదాంట్లోకి పారుతుంది. ఒకటి వదిలి ఒకటి నింపుతూ పోయి, ఆరాక మిగతావాటికి రండి. సగం ఆరిన చోట తడి కుంచె పెడితే అంచు క్యాలీఫ్లవర్‌లా విచ్చుకుంటుంది, దాన్ని సరిదిద్దడం కష్టం. అందరూ మర్చిపోయేది ఎంఆర్‌ఎన్‌ఏనే. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే కాబట్టి దాని దారి మొదటిరోజే గుర్తుపెట్టుకుని వదిలేయాలి, లేదా రంగు అంటకుండా కాపాడి, ఆరాక ఒలిచేసే మాస్కింగ్ ద్రవంతో కప్పాలి. నల్ల గీతలు ఆఖరున, కాగితం పూర్తిగా ఆరాకే. ముందున్న అణువుకు కాస్త లావు గీత, వెనక దానికి సన్నది. కాగితాన్ని చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందా, లోపల తడి ఇంకా ఉన్నట్టే. ఆ పూటకు ఇంకు సీసా మూత తీయకండి.