రంగు వేసిన పాపానికి

పోయిన దసరాకు మా పాత ట్రాక్టరుకు రంగు వేశాను. బండి హెచ్ఎంటీ 2511, మా నాన్న 1979లో కొన్నది. రెండు సిలిండర్లు, 25 హార్స్ పవర్. చెకోస్లొవేకియా వారి జెటార్ మోడల్‌నే హర్యానాలోని పింజోర్‌లో తయారు చేసేవారు. ఆ ఫ్యాక్టరీని మూసేయాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది. చేసినవాళ్లే లేని బండికి ఈ ముస్తాబు ఎందుకని మా ఆవిడ అడిగింది. ఆయుధపూజ నాడు తుప్పు మీద పసుపు కుంకుమ ఎలా పెడతామని అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పండుగ వెళ్లి వారం తిరగకముందే సెల్ఫ్ మూలగడం మొదలుపెట్టింది. మరో రెండు రోజులకు తాళం తిప్పితే ‘టక్’మని ఊరుకుంది. డీజిల్ ఇంజను ఒకసారి అందుకుంటే బ్యాటరీతో పని లేదు కాబట్టి, రాత్రిపూట కాలువ గట్టు వాలులో నిలిపి, పొద్దున్నే దొర్లించి స్టార్టు చేసేవాణ్ణి. కోతలు దగ్గర పడుతున్నాయి. ధాన్యం బస్తాల ట్రక్కు తగిలించి గట్టు మీద ఈ విన్యాసాలు కుదరవు.

బ్యాటరీ కొట్టులో చూపిస్తే దానికి కాలం చెల్లిందన్నారు. పాతది ఇచ్చి, పైన ఆరు వేల పైచిలుకు కట్టి కొత్తది తెచ్చాను. పది రోజులకు అదీ పడుకుంది. ఈసారి వైరింగ్ పని చేసే కుర్రవాడు వచ్చి, బానెట్ కూడా ఎత్తకుండానే, “డైనమో పోయింది బాబాయి గారూ. ఆల్టర్నేటర్ పెట్టేద్దాం, మీకు ఇక జన్మలో బాధ ఉండదు” అన్నాడు. డైనమో, ఆల్టర్నేటర్ రెండూ ఇంజను తిరుగుతుండగా బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించేవే. ఆల్టర్నేటర్ మీద నాకేమీ కోపం లేదు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కూడా అది చార్జింగ్ ఇస్తుంది, డైనమోకు అది చేతకాదు. కానీ దసరా ముందు రోజు వరకూ పనిచేసిన డైనమో దసరా తరువాత ఎలా పోతుందనే ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ ఆదివారం మీటరు పట్టుకుని నేనే కూర్చున్నాను. ఇంజను ఆపి బ్యాటరీ చూస్తే 12.4 వోల్టులు. ఇంజను నడుస్తుండగా 12.3. చార్జింగ్ ఎక్కుతుంటే 14 దరిదాపుల్లో ఉండాలి. అంటే పైసా కూడా ఎక్కడం లేదు. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. ఎవరో చెప్పగా విని, డైనమోలో మిగిలి ఉండాల్సిన అయస్కాంత శక్తి చచ్చిందేమోనని దాని వైర్లు విప్పి, బ్యాటరీ ప్లస్ నుంచి తీగను దాని మీద ‘ఎఫ్’ (F) అని ఉన్న టెర్మినల్‌కు ఒక్క క్షణం తాకించాను. చిన్న నిప్పురవ్వ లేచింది, అంతకు మించి ఏమీ జరగలేదు.

తరువాత అసలు పరీక్ష చేశాను. డైనమో మీద ‘డి’ (D, కరెంటు బయటికి వచ్చేది), ‘ఎఫ్’ (F, ఫీల్డ్ కాయిల్‌ది) అని రెండు టెర్మినళ్లుంటాయి. రెంటి వైర్లూ విప్పి, ఆ రెంటినీ చిన్న తీగతో కలిపి, మీటరు ఒక కొన అక్కడ, మరో కొన డైనమో ఒంటికి పెట్టి, ఇంజను మెల్లగా పెంచాలి. (మా బండికి మొదట వచ్చిన డైనమో ఎప్పుడో పోయింది, ఇప్పుడున్నది లూకాస్ రకం. అందులో అయస్కాంతాన్ని పుట్టించే తీగ చుట్ట ఫీల్డ్ కాయిల్. దాని ఒక కొన లోపలే ఎర్త్ అయి, అంటే బ్యాటరీ మైనస్ కలిసి ఉండే బండి ఒంటికి తగిలి ఉంటుంది. కొన్ని రకాల్లో ఫీల్డుకు ఎర్త్, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ దగ్గర అందుతుంది, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.) అర వోల్టు దగ్గర ఆగిపోతే ఫీల్డ్ కాయిల్‌ను, నాలుగైదు వోల్టుల దగ్గర నీలిగితే ఆర్మేచర్‌ను (లోపల తిరిగే భాగాన్ని) అనుమానించాలి. నా మీటరు గబగబా 20కి ఎక్కింది. భయమేసి ఇంజను తగ్గించాను. డైనమో దిట్టంగా ఉంది!

వైర్లు మళ్లీ బిగించి స్టార్టు చేశాక, మూడు వారాలుగా కళ్లెదుటే ఉన్న చార్జింగ్ ఎర్ర దీపాన్ని మొదటిసారి సరిగ్గా చూశాను. ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు వెలుగుతోంది, కాస్త పెంచితే ఆరిపోతోంది, ఇంకా పెంచితే మళ్లీ వెలుగుతోంది, అదీ మునుపటి కంటే ఎర్రగా! ఆరినప్పుడల్లా చార్జింగ్ ఎక్కుతోందని నేను సంతోషించేవాణ్ణి. ఆ దీపం తక్కెడ ముల్లు లాంటిది. ఒక పక్క బ్యాటరీ, ఒక పక్క డైనమో. రెండూ సమానమైతే ఆరుతుంది. మళ్లీ వెలిగిందంటే తక్కెడ డైనమో వైపు ఒరిగిందన్న మాట. సరుకు తయారవుతోంది, కొట్టు తలుపే తెరుచుకోవడం లేదు. ఆ తలుపే కటౌట్. రెగ్యులేటర్ పెట్టెలో రెగ్యులేటర్ పక్కనే ఉంటుంది. డైనమో 13 వోల్టుల దరిదాపులకు రాగానే దాని కాయిల్ లాగి, టక్కున మూసుకుని, కరెంటును బ్యాటరీకి వదలాలి. కాయిల్ లాగాలంటే దానికి ఎర్త్ అందాలి.

రెగ్యులేటర్ పెట్టె మీద ‘ఈ’ (E, ఎర్త్) అని ఉన్న టెర్మినల్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మీటరు పెట్టాను. సున్నా చూపాలి. 16 వోల్టులు చూపింది. ఎర్త్ అనుకున్న చోట 16 వోల్టులు! ఇంజను బాగా తగ్గించి, ఒక తీగ తీసుకుని ‘ఈ’ (E) టెర్మినల్ నుంచి బ్యాటరీ మైనస్‌కు తాకించాను. మళ్లీ మెల్లగా పెంచితే పెట్టె లోపల ‘టిక్’. దీపం ఆరింది. ఎంత పెంచినా మళ్లీ వెలగలేదు. బ్యాటరీ దగ్గర మీటరు 14.2.

ఆ ఎర్త్ వైరు వెంట చెయ్యి పోనిస్తే, మీటర్ల పలక వెనుక ఒక బోల్టు దగ్గర ఆగింది. లగ్గు (వైరు చివరి రింగు) కింద ప్రైమరు, దాని మీద రెండు పూతల ఎనామెల్ తళతళలాడుతున్నాయి. దసరాకు అన్నీ విప్పి, ఒక్క మూల వదలకుండా రంగు కొట్టి, వైర్లను దాని మీదే బిగించిన మహానుభావుణ్ణి నేనే. లగ్గుకు పట్టిన చిలుము కూడా పళ్లు తోమే బ్రష్షుతో పోగొట్టాను, కానీ రంగు కరెంటును పోనివ్వదని, లగ్గు కింద ఇనుము కనిపించాలన్న సంగతి తట్టలేదు.

రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, ఇనుము తెల్లగా తేలేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాను. మొత్తం పది నిమిషాలు. అన్ని రోజులు రెగ్యులేషన్ లేకుండా తిరిగిన డైనమో ఫీల్డ్ కాయిల్ మాడకపోవడం నా అదృష్టం.

ఇక ఆ పాత బ్యాటరీ. ఒకసారి నిండా చార్జింగ్ పెట్టి చూడాలని ఆనాడు నాకు తోచలేదు, కొట్టువాడూ చెప్పలేదు. ఇప్పుడు ఎవరింట్లో ఇన్వర్టర్‌కు ఫ్యాన్లు తిప్పుతోందో.