వెనుక రెక్క మీద మచ్చ

ఒకేలా కనిపించే సీతాకోకచిలుకలను వేరు చేయడం నేను నేర్చుకున్నది గుంటూరు శివార్లలోని జిల్లేడు పొదల దగ్గర. వానలు వెనకబట్టాక ఆ ఖాళీ స్థలాల నిండా నారింజ రంగు రెక్కలే. అంచున నలుపు, ముందు రెక్క కొసన తెల్లటి పట్టీ. వాటిలో ఎక్కువ ప్లెయిన్ టైగర్లు, అక్కడక్కడ డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడవి. జంతుశాస్త్రం చెప్పే మాస్టారొకరు నా వెంట వచ్చేవారు. నేను పేరు చెప్పబోతే, "ముందు మచ్చ చెప్పమ్మా, పేరు తర్వాత" అనేవారు.

ఆ మచ్చలు వెనుక రెక్క మీద ఉంటాయి. ప్లెయిన్ టైగర్‌కు రెక్క మధ్యలో మూడు నల్లమచ్చలు. మగదానికి నాలుగోది కూడా ఉంటుంది, అది వాసన తిత్తి. ఎగ్‌ఫ్లైకి మాత్రం పై అంచు దగ్గర ఒక్కటే మచ్చ. రంగును నమ్ముకుంటే లాభం లేదు, ఎందుకంటే ఆ రంగు ఉన్నదే పిట్టల కన్నుగప్పడానికి. ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు జిల్లేడు ఆకులు తిని వాటి విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి పోదు. విషం లేని ఎగ్‌ఫ్లై ఆ పోలికతోనే బతుకుతుంది. ఇలాంటి అనుకరణను ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో అమెజాన్ సీతాకోకచిలుకలను చూపి వివరించాడు. ఆ సంగతి మన జిల్లేడు పొద దగ్గర కళ్లారా చూడటం నాకు పెద్ద సంబరం.

ఉదయపు ఎండకు అవి రెక్కలు చాచి కూర్చుంటాయి. మన నీడ పడకుండా పక్క నుంచి వెళ్లి, విప్పిన రెక్కలకు ఒక ఫొటో, ముడిచిన రెక్కలకు మరొకటి తీయాలి. రెండో ఫొటో చాలామంది తీయరు. నా దృష్టిలో అదే ముఖ్యం.

పెరట్లో కరివేపాకు చెట్టుకు గుడ్లు పెట్టే కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం కామన్ రోజ్‌లా ఉంటాయి. అక్కడ రెక్కల కంటే ఒళ్లు చూడటం తేలిక. రోజ్‌కు ఎర్రటి దేహం, మార్మన్‌కు నల్లటిది.

పచ్చిక మీద ఎగిరే చిన్న పసుపు రకాలే అన్నిటికంటే కష్టం. ముందు రెక్క అడుగున, ఈనెల మధ్య గది లాంటి భాగంలో కామన్ గ్రాస్ ఎల్లోకు సాధారణంగా రెండు గుర్తులు, త్రీ స్పాట్ గ్రాస్ ఎల్లోకు మూడు. ఆ అడుగు వైపు స్పష్టంగా పడని ఫొటోకు నేను జాతి పేరు రాయను. యురేమా అని, ఈ రెండూ చేరే ప్రజాతి పేరు రాసి ఆపేస్తాను. నా పుస్తకంలో అలాంటి నమోదులు చాలానే ఉన్నాయి, వాటిని అలాగే ఉంచాను.