ముప్పై ఒకటో ఏట కొత్త కుర్రాడు

మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళ హెల్మెట్‌కి ఆకుపచ్చ స్టిక్కర్ అంటిస్తారు. సైటులో ఎవరైనా దూరం నుంచే చూసి, వీడు కొత్తవాడు, క్రేను కిందకి పోకుండా ఓ కన్నేసి ఉంచాలి అనుకోవడానికి. కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో ఇలాంటివాణ్ని గ్రీన్ హ్యాండ్ అంటారు. 2024 సెప్టెంబరులో కాల్గరీలో నా హెల్మెట్‌కి ఆ స్టిక్కర్ అంటించిన రోజుకి నాకు 36 ఏళ్ళు. పదకొండేళ్ళుగా కాంక్రీటు పరీక్షలే చేస్తున్నాను. కృష్ణా జిల్లాలో వంతెనల దగ్గర మొదలుపెట్టి, చివరికి ఒక క్వాలిటీ ల్యాబుకి ఇన్‌ఛార్జినయ్యాను. నా కింద ఆరుగురు కుర్రాళ్ళు పరీక్షకి కాంక్రీటు క్యూబులు పోసేవారు. ఇక్కడ మళ్ళీ నేనే తాపీ పట్టుకుని బక్కెట్ ముందు గొంతుక్కూర్చున్నాను.

ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న: కెనడాలో అనుభవం ఎంత? సున్నా అని చెప్పేవాణ్ని. అవతలివాళ్ళు మర్యాదగానే తలూపేవారు. ఆ మర్యాదకే ఒళ్ళు మండేది.

పనిలో చేరాక తెలిసింది, ఇక్కడ కొలిచే అచ్చే వేరని. మన దగ్గర 150 మిల్లీమీటర్ల క్యూబు. ఇక్కడ 100 మిల్లీమీటర్ల వ్యాసం, 200 ఎత్తు ఉన్న సిలిండరు. ఒకే లారీలోంచి దించిన కాంక్రీటుని రెండిట్లోనూ పోసి, 28వ రోజున మిషన్లో పెట్టి నొక్కితే, క్యూబు 30 మెగాపాస్కల్స్ చూపించిన చోట సిలిండరు 24, 25 దగ్గరే పగిలిపోతుంది. సరుకులో తేడా ఏమీ లేదు. పొట్టిగా ఉండే క్యూబుని పైనా కిందా ఉన్న ఇనుప పలకలు గట్టిగా పట్టుకుని పక్కలకి విచ్చుకోనివ్వవు. సిలిండరు పొడుగ్గా ఉంటుంది కదా, నడుం దగ్గరికొచ్చేసరికి ఆ పట్టు అందదు. అదే కాంక్రీటు, అంకె మాత్రం తక్కువ. మా ఆవిడకి ఫోన్లో ఇది చెబితే, "అయితే నీ జీతం కూడా సిలిండర్లో కొలిచినట్టున్నారు" అంది.

మొదటి నెల నా చేతులు నా మాట వినలేదు. అచ్చులో పోసిన కాంక్రీటుని కడ్డీతో, క్యూబుకి ఒక్కో పొరకి 35 పోట్లు పొడవడం అలవాటు. మా సూపర్‌వైజరు నా పక్కన నిలబడి లెక్కపెట్టి, "ఇక చాల్లే, దాని ప్రాణం తీస్తున్నావు" అని నవ్వాడు. ఆయనకి అరవై దగ్గర పడ్డాయి, పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. నేను మనసులో పెద్దాయన అనుకుంటాను. ఎండాకాలంలో మేము కాంక్రీటు నీళ్ళలో ఐసు గడ్డలు వేసేవాళ్ళమని చెబితే ఆయన చాలాసేపు నమ్మలేదు. ఇక్కడ చలికాలంలో వేడినీళ్ళు పోసి కలుపుతారు, పోశాక దుప్పట్లు కప్పి హీటర్లు పెడతారు. కాంక్రీటులో గాలి ఎంతుందో కొలిచే డబ్బా ఒకటుంది. గడ్డకట్టి కరిగే నీటికి చోటు కావాలని బుద్ధిపూర్వకంగానే గాలి బుడగలు పెడతారు. విజయవాడలో నాకు ఆ డబ్బాతో ఎప్పుడూ పని పడలేదు. అది మాత్రం నిజంగా ఇక్కడే నేర్చుకున్నాను, ఆ మేరకు స్టిక్కరు న్యాయమే.

హాకీ గొడవ డిసెంబరులో మొదలైంది. టీ గదిలో ఎవరు కూర్చున్నా ఒకటే వాదన: ఈ ఏడాది కాల్డర్ ట్రోఫీ ఎవరికి? నాకు హాకీ అంటే ధ్యాన్‌చంద్. మంచు మీద ఆడేదాన్ని ఇక్కడ ఉత్త హాకీ అనే అంటారని కూడా అప్పుడే తెలిసింది. రిపోర్టులు టైపు చేసే వరంగల్ అమ్మాయి ఒకతి మా ఆఫీసులో ఉంది, నాకంటే నాలుగేళ్ళ ముందొచ్చింది. తనే విడమర్చి చెప్పింది. "ఐపీఎల్‌ల ఎమర్జింగ్ ప్లేయర్ ఇస్తరు కదన్నా, 2024ల మీ వైజాగ్ పిలగాడు నితీశ్ రెడ్డికొచ్చింది చూడు, గట్లాంటిదే. మొదటి ఏడాది మంచిగ ఆడినోనికి."

ఇక్కడి పెద్ద హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌కి మొట్టమొదటి అధ్యక్షుడు ఫ్రాంక్ కాల్డర్. ఆయన పేరు మీద ఇచ్చే బహుమతి ఇది. హాకీ గురించి రాసే పాత్రికేయుల సంఘం ఓటు వేస్తుంది, ఒక్కొక్కరు ఐదు పేర్లు వరసగా రాస్తారు. మొదటి పేరుకి 10 పాయింట్లు, తర్వాత 7, 5, 3, 1.

మా గదిలో మూడు పార్టీలు. పెద్దాయన మా ఊరి జట్టు కాల్గరీ ఫ్లేమ్స్ గోలీ (గోల్‌కీపర్) డస్టిన్ వుల్ఫ్ పక్షం. 2019 డ్రాఫ్టులో, అంటే జట్లు కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట, మొత్తం 217 మందిని ఎంచుకుంటే వుల్ఫ్ నంబరు 214. గోలీకి ఎత్తు చాలదని అందరూ వదిలేశారు. అలాంటివాడు ఆ సీజను ముగిసేసరికి 29 మ్యాచ్‌లు గెలిపించాడు. మాంట్రియల్ నుంచి వచ్చిన డ్రిల్లింగ్ ఆపరేటరు లేన్ హట్సన్ పక్షం. హట్సన్ మాంట్రియల్ జట్టు డిఫెన్స్‌మన్, అయిదడుగుల తొమ్మిదంగుళాలు, 2022లో 62వ ఎంపిక. ఆ ఏడాది ఆటగాళ్ళని పరీక్షించే శిబిరానికి హట్సన్, తాను ఇంకా ఎత్తు పెరుగుతానని డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకెళ్ళాడట. ఈ సంగతి విన్న క్షణం నుంచి ఆ అబ్బాయి మీద నాకు అభిమానం పుట్టింది. ప్లాస్టిక్ ఫైల్లో అనుభవ ధ్రువపత్రాలు పెట్టుకుని తిరిగినవాడికి ఆ కాగితం బరువు తెలుసు. మూడో పార్టీ, చదువుకుంటూ మా దగ్గర పనిచేసే కుర్రాడు. వాడిది మాక్లిన్ సెలబ్రీని. 2024లో మొట్టమొదటి ఎంపిక, 18 ఏళ్ళు. లీగులో అట్టడుగున ఉన్న సాన్ హొసే జట్టులో 70 మ్యాచ్‌ల్లో 63 పాయింట్లు. గోల్ కొట్టినా, గోల్‌కి పాస్ అందించినా (దాన్నే అసిస్ట్ అంటారు) ఒక్కో పాయింటు. "చుట్టూ పాస్ అందించేవాడే లేకుండా 63!" అని బల్ల గుద్దేవాడు. అది బలహీనమైన వాదన కాదు. కానీ వాడి గొంతు చిన్నది, పెద్దాయనది పెద్దది.

ఒకరోజు నేనూ నోరు తెరిచాను. "వుల్ఫ్ ఇంతకుముందు రెండు సీజన్లలో కలిపి 18 మ్యాచ్‌లు ఆడాడు కదా, ఇంకా కొత్తవాడెలా అవుతాడు?"

గది మొత్తం నా వైపు తిరిగింది. స్టిక్కరువాడు నిబంధనలు అడుగుతున్నాడు! పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ఇలాంటి ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నట్టు మొదలుపెట్టాడు. అంతకుముందు ఏ ఒక్క సీజన్లోనూ 25 మ్యాచ్‌లు దాటకూడదు, ఏ రెండు సీజన్లలోనూ ఆరేసి ఆడి ఉండకూడదు. వుల్ఫ్‌వి ఒక ఏడాది ఒకటి, ఇంకో ఏడాది 17. కాబట్టి పచ్చి కొత్తవాడే. ఇంకో షరతు: సెప్టెంబరు 15 నాటికి 26 ఏళ్ళు నిండకూడదు. "ఆ వయసు షరతు ఎందుకొచ్చిందో తెలుసా? మన ఊరి వల్లే."

అలా వచ్చాడు నా జీవితంలోకి సెర్గేయ్ మకరోవ్.

1989లో ఫ్లేమ్స్ లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచింది. ఆ తర్వాతి సీజనుకే సోవియట్ యూనియన్ నుంచి మకరోవ్ కాల్గరీలో దిగాడు. అప్పటికి 31 ఏళ్ళు. మాస్కో సైనిక జట్టులో పదేళ్ళకి పైగా ఆడినవాడు, రెండు ఒలింపిక్ బంగారు పతకాలు మెడలో వేసుకున్నవాడు. క్రుటోవ్, లారియోనోవ్‌లతో కలిసి అతను ఆడిన ముగ్గురి వరస పేరు చెబితే ఇక్కడి ముసలివాళ్ళు ఇప్పటికీ లేచి కూర్చుంటారు. ఆ మనిషి మొదటి ఏడాది 24 గోల్స్, 62 అసిస్ట్‌లు చేశాడు. 86 పాయింట్లు. కాల్డర్ అతనికే ఇచ్చారు. డాలస్‌కి తర్వాత మారిన మినసోటా జట్టులో 19 ఏళ్ళ మైక్ మొడానో రెండో స్థానంలో మిగిలిపోయాడు. మీసాలు నెరిసే వయసువాడికి కొత్త కుర్రాడి బహుమతా అని గోల లేచింది. మరుసటి సీజను నుంచే 26 ఏళ్ళ కట్టుబాటు పెట్టారు. మకరోవ్ తర్వాత కాల్గరీకి ఆ ట్రోఫీ మళ్ళీ రాలేదు.

"అన్యాయం కదూ?" అన్నాడు పెద్దాయన, మొడానో గురించి.

అవునన్నాను గానీ, నాకు తట్టిన అన్యాయం వేరే. ఆ రాత్రి ఇంటికెళ్ళి పాత లెక్కలు వెతుక్కుంటూ కూర్చున్నాను. 1979-80లో వేన్ గ్రెట్స్కీ ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి సీజన్లోనే 137 పాయింట్లు చేశాడు, లీగు మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడి బహుమతీ అతనికే ఇచ్చారు. కానీ కాల్డర్‌కి పనికిరాడన్నారు. ఎందుకంటే అంతకుముందు ఏడాది పోటీ లీగైన డబ్ల్యుహెచ్‌ఏలో ఆడాడు, అది అనుభవం కింద లెక్క. అంటే ఇక్కడే పక్క లీగులో ఒక్క ఏడాది ఆడిన పద్దెనిమిదేళ్ళ పిల్లాడు అనుభవజ్ఞుడు. మాస్కోలో దశాబ్దం ఆడి ప్రపంచాన్ని ఓడించినవాడు కొత్తవాడు! సోవియట్ లీగుని లెక్కలోకే తీసుకోలేదు గనక మకరోవ్‌కి బహుమతి వచ్చింది. దాన్ని చేతిలో పట్టుకుని ఫొటో దిగుతున్నప్పుడు లోపల ఏమనుకున్నాడో ఆ మనిషి. నా హెల్మెట్ బల్ల మీదే ఉంది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఇదంతా చెబితే మాంట్రియల్ అతను ఈలవేశాడు. స్టూడెంటు కుర్రాడు పనారిన్‌ని లాక్కొచ్చాడు. 2016లో 24 ఏళ్ళ పనారిన్, రష్యా లీగులో ఏళ్ళ తరబడి ఆడి వచ్చినవాడు, 77 పాయింట్లతో కాల్డర్ ఎగరేసుకుపోయాడు. కాలర్‌బోన్ విరిగి 45 మ్యాచ్‌లే ఆడిన ఎడ్మంటన్ కుర్రాడు మెక్‌డేవిడ్ 48 చేసినా మూడో స్థానమే. ఎడ్మంటన్ అంటే మా ఊరికి పోటీ జట్టు, వాళ్ళవాడికి అన్యాయం జరిగిందంటే మా ఊళ్ళో జాలిపడే నాథుడు లేడు. వాదన అక్కడే చచ్చిపోయింది.

ఏప్రిల్లో సీజను అయిపోయింది. ఫ్లేమ్స్‌కి 96 పాయింట్లు, సెయింట్ లూయిస్‌కీ 96. టైబ్రేక్‌లో వాళ్ళు ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు, మేము ఇంటికి వచ్చాము. ఎప్పుడు "మేము" అనడం మొదలుపెట్టానో నాకే తెలియదు. హట్సన్ లెక్క 82 మ్యాచ్‌లు, 66 పాయింట్లు దగ్గర తేలింది. అందులో 60 అసిస్ట్‌లు. కొత్త డిఫెన్స్‌మన్ ఎవరూ ఒక సీజన్లో అంతకు మించి చేయలేదు, 1980-81లో లారీ మర్ఫీ చేసిందీ సరిగ్గా 60.

మేమూ ఓట్లు వేశాం. ఖాళీ సిలిండరు అచ్చు ఒకటి డబ్బా, రిపోర్టు కాగితాల వెనక్కి చీటీలు. మొదటి పేరు తప్పినవాళ్ళు అందరికీ డోనట్లు తేవాలి. నా లెక్కలో మొదటివాడు హట్సనే. గోలీ పని గొప్పదే, కానీ ఈ లీగులో కుదురుకోవడానికి డిఫెన్స్‌మన్‌కి కాలం పడుతుందంటారు, అక్కడ ఇరవై ఏళ్ళవాడు ఒక్క మ్యాచ్ మానకుండా అలా ఆడటం వేరే సంగతి. పైగా కాల్డర్ అంటే మా భాషలో ఏడో రోజు బలం. కాంక్రీటుని ఏడో రోజున నొక్కితే వచ్చేది తొలి అంకె, అసలు లెక్క 28వ రోజుది. ఆండ్రూ రేక్రాఫ్ట్ అనే గోలీ 2004లో గెలిచి, మళ్ళీ ఆ మెరుపు చూపించలేకపోయాడు. ఏడో రోజు అంకె చూసి ఎవరి 28వ రోజు గురించీ ప్రమాణం చెయ్యకూడదు. ఏడో రోజు ఎవరిది ఎక్కువో అంతవరకే చెప్పాలి, అది హట్సన్‌దే.

ఇంత లెక్క వేసుకుని, చీటీ మీద వుల్ఫ్ అని రాశాను. పై మనిషితో పంతం ఎందుకు? సెప్టెంబరుకి నా పని మీద ఏడాది రిపోర్టు రాసేది ఆయనే.

జూన్‌లో ఫలితం వచ్చింది: హట్సన్. మర్నాడు పొద్దున్నే పెద్దాయన అచ్చు బోర్లించి చీటీలు ఒక్కొక్కటే చదివాడు. హట్సన్, హట్సన్, సెలబ్రీని, హట్సన్... ఆయన సొంత చీటీ మీద కూడా హట్సన్! చలికాలమంతా వుల్ఫ్ వుల్ఫ్ అని గొంతు చించుకున్న మనిషి. "అరుపు ఊరి కోసం, ఓటు ఆట కోసం" అన్నాడు సిగ్గు లేకుండా. గదిలో వుల్ఫ్‌కి మొదటి ఓటు ఒకే ఒక్కటి పడింది. అందరూ చేతిరాత చూసి నా వైపు తిరిగారు.

"గ్రెట్స్కీ లెక్కలు తవ్వి తీసినవాడివి, నువ్వు రాసే చీటీయేనా ఇది?" అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది. మధ్యాహ్నం స్టూడెంటు కుర్రాడూ నేనూ వెళ్ళి రెండు డబ్బాల డోనట్లు తెచ్చాం.

ఆ సాయంత్రమే ఒక పార్కింగు స్లాబు తాలూకు 28 రోజుల సిలిండరు 32 రావలసింది 26 దగ్గర పగిలింది. జత సిలిండరు 34 ఇచ్చింది. కాంట్రాక్టరుకి ఏం రాయాలో తేలాలి. పెద్దాయన ముక్కల్ని చేతిలో తిప్పి చూసి, నా చేతికిచ్చాడు.

"ఏమంటావు?"

ఒక పక్క అంచు మాత్రమే చిట్లిపోయి ఉంది. స్కేలు పెట్టి చూశాను, మిగిలిన పైభాగం కింద సన్నటి వెలుతురు కనిపించింది.

"కాంక్రీటు బాగానే ఉంది. పైభాగం సమంగా అరగదీయలేదు. బరువంతా ఒక పక్కనే పడింది."

"గ్రైండింగ్ ఎవరు చేశారు?"

రిజిస్టరు తెరిచి ఉంది. చూడక్కర్లేదు, నాకు తెలుసు.

"మీరే."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని స్కేలు కింద ఆ వెలుతురుని తనూ చూశాడు. తర్వాత రిజిస్టరులో ఎర్ర పెన్నుతో గీత గీసి, డబ్బాలో మిగిలిన డోనట్ తీసుకుని గ్రైండరు వైపు వెళ్ళిపోయాడు.