మా ఊరి రాళ్లబాటను నిలబెట్టుకున్న తీరు: నా అనుభవం

గుంటూరుకు పడమరగా, కొండవీడు కొండల అంచున ఉన్న మా ఊరిలో రామాలయం నుంచి చెరువుకట్ట దాకా పల్నాటి నాపరాళ్లు పరిచిన పాతబాట ఉంది. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతి మీదనే. తాగునీటి పైపు కోసం ఆ బాటను తవ్వి, పైన సిమెంటు రోడ్డు వేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు మేము ఏం చేశామో, ఇతర ఊళ్లవారికి పనికివస్తుందని రాస్తున్నాను.

ముందుగా పంచాయతీ కార్యదర్శిగారికి అర్జీ ఇచ్చి, విషయాన్ని గ్రామసభ ఎజెండాలో చేర్చమని కోరాను. అర్జీ అందినట్టు రసీదు తప్పక తీసుకోవాలి. సభలో రెడ్డిరాజుల గురించీ, 1515లో కృష్ణదేవరాయలు కొండవీటి దుర్గాన్ని గెలవడం గురించీ, కోట చూడవచ్చేవారు మన ఊళ్లోనూ ఆగగలరన్న సంగతీ చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు గానీ ఎవరూ చలించలేదు. అప్పుడు బాట పక్కనే ఇల్లున్న ఒక పెద్దావిడ లేచి, “నాయనా, చూడ్డానికి ఎవరొస్తారో నాకు తెలియదు. పక్కవీధిలో సిమెంటు రోడ్డు వేసిన కాణ్ణుంచి వానొస్తే నీళ్లు గడప దాటి లోపలికొస్తున్నాయి. మా వీధికి ఆ గతి పట్టించబాకండి” అన్నారు. ఇసుక మీద పరిచిన రాళ్ల సందుల్లోంచి నీరు భూమిలోకి ఇంకుతుంది. కాంక్రీటు పోస్తే రోడ్డు మట్టం పెరిగి గడపలు పల్లమవుతాయి. వారసత్వం, పర్యాటకం అన్న మాటలకన్నా ఈ సంగతే తీర్మానాన్ని నెగ్గించిందని నా నమ్మకం.

తీర్మానంలో “రాళ్లను కాపాడాలి” అని ఊరుకుంటే చాలదు. తీసిన రాయిని తీసినచోటే ఇసుక పరుపు మీద తిరిగి పరచాలనీ, సందుల్లో సిమెంటు నింపరాదనీ విడమరిచి రాయించి, నకలును ఇంజనీరుగారికీ కాంట్రాక్టరుకూ అందజేశాము.

రాతిపని మేస్త్రి ప్రతి రాతి మీదా వరుస సంఖ్యా, అది ఏ దిక్కుకు ఉందో తెలిపే బాణం గుర్తూ వేయించి, ఫొటోలు తీయించాకే గడ్డపార దించనిచ్చారు. పరిచిన తర్వాత ఒక్కొక్క రాయినీ కర్రసుత్తితో తట్టి, డొల్లగా మోగినదాన్ని లేపించి అడుగున మళ్లీ ఇసుక కూరించారు. అరిగి నున్నబడిన రాళ్ల మీద ఉలితో సన్నగా గాట్లు పెట్టించడంతో, వానలో జారిపడతామన్న పెద్దవాళ్ల భయం తగ్గింది. విరిగినవాటికి బదులు పాలిష్ రాళ్లు తెద్దామన్నవారూ ఉన్నారు. కూలిన పాత ఇళ్ల అరుగుల రాళ్లనే అడిగి తెచ్చుకుందామని నేను పట్టుబట్టాను, ఎందుకంటే రంగూ మందమూ వాటితోనే కలుస్తాయి.

సందర్శకుల కార్లు చెరువుకట్ట దగ్గరే ఆగాలి. బరువు వాహనం ఎక్కితే ఇసుక కుంగి రాయి మధ్యకు విరుగుతుంది. కోట దిగినవారు అక్కడి నుంచి నడిచి వస్తే, ముందురోజు కబురు చేసినవారికి కొన్ని ఇళ్లలో గోంగూర పచ్చడి, మజ్జిగపులుసుతో భోజనం పెడుతున్నారు. కార్ల దగ్గర వసూలయ్యే రుసుమును ఏటా తొలకరికి ముందు సందుల్లో ఇసుక నింపడానికే కేటాయించాలని వచ్చే గ్రామసభకు అర్జీ పెట్టాము.