మెలటోనిన్‌లో వరి విత్తనం నానబెట్టాను: ఉప్పు కంటే నా లెక్కే ఎక్కువ దెబ్బ కొట్టింది

ట్రేలు నిన్ననే కడిగి బోర్లించాను. ఒళ్లు మండుతున్నప్పుడే రాసేస్తే ఇంకొకరికైనా ఈ తిప్పలు తప్పుతాయి.

చెయ్యాలనుకున్న పని చిన్నది. శ్రీకాకుళం జిల్లా నౌపడ వైపు ఉప్పుటేరు పక్కనున్న కయ్యల్లో వరి ఆకు (మా వైపు నారుని ఆకు అంటాం) మూడో రెక్క వేసేలోపే కొస మాడిపోతుంది. విత్తనాన్ని మెలటోనిన్ నీళ్లలో నానబెట్టి చల్లితే ఆ ఆకు కాస్త నిలబడుతుందా లేదా, ట్రేలో చూడాలి. మెలటోనిన్ అంటే మనకు తెలిసిన నిద్రమాత్రే. 1958లో పశువుల మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి దాన్ని వేరుచేశారు. మొక్కల్లోనూ ఉందని 1995లో బయటపడింది. వరి కూడా ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి దాన్ని సొంతంగా తయారు చేసుకుంటుంది, ఉప్పో చలో తగిలితే ఇంకా ఎక్కువ చేసుకుంటుంది. మనం చేసేదల్లా పైనుంచి మరికొంత అందించడమే.

విత్తనం శ్రీకాకుళం సన్నాలు, అంటే ఆర్‌జీఎల్ 2537. తాలు తేల్చి మూడు నీళ్లు కడిగాను. ఇందులో చెప్పేదేం లేదు.

అసలు గొడవ మందు కలిపే దగ్గర మొదలైంది. శుద్ధమైన పొడి ఇమ్మంటే అమ్మేవాళ్లు సంస్థ ఉత్తరం తెమ్మన్నారు. ఆ ఉత్తరం మీద సంతకం పెట్టాల్సిన ఆఫీసులో గుమాస్తా నన్ను నాలుగుసార్లు తిప్పాడు. మొక్కకి నిద్రమాత్ర ఎందుకయ్యా అని పక్క బల్లవాళ్లందరికీ వినబడేలా నవ్వాడు కూడా. విసుగొచ్చి మందులషాపులో 3 మిల్లీగ్రాముల బిళ్లలు కొన్నాను. అక్కడే చెడింది. నోట్లో వేసుకుంటే కరిగే తీపి బిళ్లలవి. మందు పిసరంత, తక్కినదంతా తీపి, పిండి. దంచి నీళ్లలో వేస్తే అడుగున తెల్లటి మడ్డి. పైన తేరుకున్న నీళ్లలో నానేసిన గింజలకు మూడోరోజు బూజు. తీపి చూస్తే బూజు ఊరుకుంటుందా!

అంతకన్నా సిగ్గుచేటు నా లెక్క. పరిశోధకులు ఎక్కువగా వాడే మోతాదు 100 మైక్రోమోలార్. అది లీటరులో ఎంత బరువుందో కాదు, ఎన్ని అణువులున్నాయో చెప్పే కొలత. నేను దాన్ని లీటరుకు 100 మిల్లీగ్రాములని రాసుకున్నాను. మెలటోనిన్ అణుభారం 232. అంటే 100 మైక్రోమోలార్‌కి లీటరులో 23.2 మిల్లీగ్రాములుంటే చాలు. నేను వేసింది ముప్పైమూడు బిళ్లలు, కావలసిన దానికి నాలుగు రెట్లు పైమాట. ఒకవైపు మందు గింజలు, రెండోవైపు మందు లేనివి వేసిన ఆ ట్రేని తీసుకెళ్లి పదిమంది రైతుల ముందు పెట్టాను. ఒక పెద్దాయన రెండు వైపుల నుంచీ ఒక్కో మొక్క పీకి, వేళ్లు దులిపి, అరచేతిలో పక్కపక్కన పెట్టుకున్నాడు. "ఏటి బాబూ, మందేసిన దానికి వేరే లేదు. దీనికంటే ఒట్టి ఉప్పునీళ్లదే నయం గదా?" అన్నాడు. నిజమే. మందు మొక్క వేరు పొట్టిగా, పిల్లవేరు లేకుండా సూదిలా ఉంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాల్సొచ్చింది.

వేరు ఎందుకు ఆగిందంటే, వేరు పెరుగుదలను నడిపే ఆక్సిన్ అనే హార్మోను కూడా ట్రిప్టోఫాన్ నుంచే పుడుతుంది. మెలటోనిన్ మితంగా ఉంటే వేరుకి మేలే. మోతాదు మించితే ఆక్సిన్ తయారీని, అది వేరులోకి దిగడాన్ని అణిచేస్తుంది. ఉప్పునుంచి కాపాడాల్సిన మందే మొక్క కాళ్లు విరగ్గొట్టింది.

రెండో విడతకి పొడి దొరికింది. (ఆ గుమాస్తా సెలవులో ఉన్న రోజు వెళ్లాను, పావుగంటలో పనైంది.) 232 మిల్లీగ్రాములు తూచడానికి వంటింటి త్రాసు పనికిరాదు, బంగారు కొట్లో వాడే మిల్లీగ్రాము త్రాసు కావాలి. పొడి నీళ్లలో నెమ్మదిగా కరుగుతుంది, అందుకని ముందు 10 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో కరిగించాలి. సర్జికల్ స్పిరిట్ వద్దు, అందులో వేరే సరుకులు కలిసుంటాయి. ఈ ద్రావణం 1 మిల్లీలీటరు లీటరు నీళ్లలో కలిపితే సరిగ్గా 100 మైక్రోమోలార్. వెలుతురు తగిలితే మెలటోనిన్ పాడవుతుంది కాబట్టి సీసాకి రేకు చుట్టాలి, గింజలు చీకట్లోనే నానాలి. బరువుకి అయిదు రెట్లు ద్రావణం, 24 గంటలు. తీశాక నీడలో ఆరబెట్టి మళ్లీ మొదటి బరువుకి తేవాలి.

ఈ విడతలోనూ ఒక తప్పు దొర్లింది. పోల్చడానికి నానబెట్టని పొడి గింజల ట్రే పెట్టాను. మందు ట్రే పచ్చగా కళకళలాడింది. మురిసిపోయి ఇద్దరికి ఫొటోలు కూడా పంపాను. తర్వాత వెలిగింది, ఒట్టి నీళ్లలో నానబెట్టినా మొలక జోరుగానే వస్తుంది కదా! నానడం చేసిన మేలుని మందు ఖాతాలో రాసేశాను. మూడో విడతలో ట్రేలు అయిదు: పొడి గింజ, ఒట్టి నీళ్లలో నానినది, నీళ్లలో లీటరుకు 1 మిల్లీలీటరు ఇథనాల్ మాత్రమే కలిపినది, 23 మిల్లీగ్రాముల మందు, 100 మిల్లీగ్రాముల మందు. మందుని పోల్చాల్సింది మూడో ట్రేతోనే. ఫలానా మందుతో నారు అదిరిపోయిందని ఎవరైనా చెబితే, ఒట్టి నీళ్ల ట్రే చూపించమనండి. చాలామంది దగ్గర ఉండదు.

ఉప్పు పెట్టడం తేలికే. లీటరుకు 5.84 గ్రాముల సోడియం క్లోరైడ్, ఈసీ (నీళ్లలో ఉప్పెంతుందో విద్యుత్తు పారే తీరుని బట్టి చెప్పే కొలత, మీటరుకు డెసీసీమెన్లలో) 10 దగ్గర చూపిస్తుంది. వరికి నేల ఈసీ 3 దాటినప్పటి నుంచే దిగుబడి తగ్గుతుంది, కాబట్టి ఇది గట్టి పరీక్షే. ఒక్కసారిగా పొయ్యకండి, సగం పోసి రెండు రోజులాగి తక్కినది పొయ్యండి. ఎండకి నీళ్లు ఇగిరితే ఉప్పు చిక్కబడుతుంది, రోజు విడిచి రోజు ఈసీ చూసి మంచినీళ్లతో సరిచెయ్యాలి. పొలం నుంచి తెచ్చిన ఉప్పునీళ్లు వాడితే లెక్క మారుతుంది. వాటిలో కాల్షియం కూడా ఉంటుంది, అది సోడియం లోపలికి పోవడాన్ని కొంత ఆపుతుంది.

మూడో విడతలో 23 మిల్లీగ్రాముల ట్రే ఇథనాల్ ట్రే కన్నా మూడు నాలుగు రోజులు ఆలస్యంగా కొస మాడింది. నాకు దొరికింది అంతే, కానీ అది నిఖార్సైనది. ఉప్పు ముందు నీటిని అందనివ్వదు, తర్వాత సోడియం ఆకులో పేరుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుట్టించి పచ్చదనాన్ని కాల్చేస్తుంది. మెలటోనిన్ వాటిని తానే కొంత మింగుతుంది, వాటిని విరగ్గొట్టే కాటలేజ్ లాంటి ఎంజైములనీ లేపుతుంది. సోడియాన్ని వేరు బయటికి గెంటడానికి, లోపలికొచ్చింది కణంలో ఓ మూల దాచడానికి సాయపడుతుంది, పొటాషియం జారిపోకుండా చూస్తుంది. నేలలో ఉప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇది చూసి ఎకరా విత్తనం నానేసెయ్యకండి. కయ్యకి వంశధార కాలువ నీళ్లు అందితే, దమ్ముకి ముందు రెండుసార్లు నిండా పెట్టి వదిలెయ్యండి. ఉభాలకి (నాట్లకి) ముదురు ఆకు వాడండి, లేత ఆకే ముందు పోతుంది. మందు సంగతి ఓ అర సెంటు ఆకుమడిలో చూడండి, పక్కన ఒట్టి నీళ్ల మడి కూడా పెట్టుకుని.